నాలుగున్నరో ర్యాంకు

"మేడం, డేటా ఒక్కటే. జవాబులు మూడొచ్చినయ్."

గేటు ముందు స్కూటీ ఆపి, హెల్మెట్ తీయకముందే ఆ అమ్మాయి అన్న మాట ఇది. ఆదివారం పొద్దున. మా లాలాపేట్ వీధిలో దుకాణాల ముందు పాల క్రేట్లు ఇంకా ఎత్తలేదు. రిటైరయ్యాక నేను పెట్టుకున్న కొలువు ఇదే. థీసిస్ రాసే పిల్లలు లెక్కల దగ్గర ఇరుక్కుంటే మా వరండాకి వస్తారు. క్యాంపస్ దగ్గర కావడం ఒక కారణం, నేను డబ్బులు తీసుకోకపోవడం అంతకంటే పెద్ద కారణం. సైకాలజీ వాళ్ళు, ఎడ్యుకేషన్ వాళ్ళు, ఈ అమ్మాయిలాగా తిండి మీద పరిశోధన చేసేవాళ్ళు. జిరాక్స్ షాపుల్లో బైండింగుతో పాటు 'డేటా అనాలిసిస్' కూడా చేసిపెడతారు గానీ, అక్కడికి వెళ్తే ఒక్క జవాబే వస్తుంది. ఒక్క జవాబుతో నిద్రపట్టని వాళ్ళు నా దగ్గరికి వస్తారు.

ఈ అమ్మాయి బిస్కెట్లు చేసింది. ఒకటి మైదాది, ఒకటి జొన్నపిండిది. 16 మంది చేత రెండూ తినిపించి, ఒక్కోదానికి 1 నుంచి 9 దాకా మార్కులు వేయించింది. 9 అంటే చాలా నచ్చింది, 1 అంటే నోట పెట్టలేం అని. రుచి చూసే పరీక్షల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న కొలబద్దే. ఆరుగురు రెండూ ఒకటేనన్నారు. తొమ్మిది మంది జొన్నకు ఒక్క మార్కు ఎక్కువ వేశారు. ఒకే ఒక్కడు జొన్నకు రెండు మార్కులు తక్కువ వేశాడు. అంతే, ఇంత చిన్న డేటా. చేతి గుడ్డలో మూటకట్టుకోవచ్చు.

ఎస్‌పీఎస్‌ఎస్‌లో విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్ట్ చేస్తే పి-విలువ 0.052 వచ్చింది. హాస్టల్లో రూమ్మేటు ఆర్‌లో చేస్తే 0.059. ఇంకో స్నేహితురాలు స్టాటాలో చేస్తే 0.024. ఇరవైలో ఒక వంతు, అంటే 0.05, మన పరిశోధనల్లో లక్ష్మణరేఖ. పి-విలువ దానికంటే తక్కువొస్తేనే తేడా ఉందని ఒప్పుకుంటారు. సంఖ్యాశాస్త్రవేత్త ఫిషర్ 1925లో తన పుస్తకంలో ఆ గీతను వాడుకకు అనువైనదిగా చెప్పాడు. శాసనంగా చెప్పలేదు. శాసనం చేసుకున్నది మనం. ఆ అమ్మాయి జొన్న బిస్కెట్ రెండు సాఫ్ట్‌వేర్లలో గీతకు ఇవతలే ఆగిపోయి, మూడోదాంట్లో దాటేసింది.

"ఏది కరెక్టు మేడం?"

"మూడూ కరెక్టే," అన్నాను. ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు ముప్పై ఏళ్ళు క్లాసుల్లో చూసిన చూపే.

మా ఊళ్ళో, అంటే ఈ తార్నాక, హబ్సిగూడ, లాలాపేట్ మధ్య, ర్యాంకు అనే మాట వినని చెవి ఉండదు. ఇంటర్ కాలేజీ బోర్డుల మీద పాస్‌పోర్ట్ ఫొటోలు, పక్కన అంకెలు. పిల్లవాడికి ఎన్ని మార్కులొచ్చాయని ఎవరూ అడగరు. "ర్యాంకెంత?" అనే అడుగుతారు. తెలుగు మీడియం పాఠ్యపుస్తకాల్లో ర్యాంకును 'కోటి' అంటారు. స్పియర్‌మన్ 1904లో చెప్పిన పద్ధతికి 'కోటి సహసంబంధ గుణకం' అని పేరు. మొదటిసారి ఆ పాఠం చెప్పిన రోజు వెనక బెంచీ నుంచి ఒకడు, "మేడం, కోఠీకి బస్సు తార్నాకలోనే దొరుకుతది" అన్నాడు. అప్పటినుంచీ నేను ర్యాంకనే అంటున్నాను.

ర్యాంకు వేయడమంటే కొలతను పక్కన పెట్టి వరసను మాత్రం ఉంచుకోవడం. ఎవడు ఎవడికంటే ముందు అన్నది మిగులుతుంది, ఎంత ముందు అన్నది పోతుంది. ఇలా సగం సమాచారాన్ని చెత్తబుట్టలో వేసి దాన్ని శాస్త్రమనడం నాకు చదువుకునే రోజుల్లో మింగుడుపడలేదు. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు ఇప్పటికీ మింగుడుపడదు. "యాక్సిల్ మందం ఎంతుందో చెప్పాలె గానీ, ఇది దానికంటే లావుందంటే బోగీ ఎక్కుతరా ఎవరన్నా?" అంటారు. ఆయన మాటా నిజమే. కానీ బిస్కెట్ రుచికి వెర్నియర్ లేదు. 7 మార్కులకూ 8 మార్కులకూ మధ్య ఉన్న దూరం, 3కీ 4కీ మధ్య ఉన్న దూరం ఒకటేనని ఎవరూ ప్రమాణం చేయలేరు. 8 మాత్రం 7 కంటే ఎక్కువ. నమ్మదగినది అంతవరకే.

సంఖ్యాశాస్త్రంలో 1945 చిత్రమైన సంవత్సరం. ఆ ఏడే మన సి.ఆర్. రావు, హడగళిలో తెలుగింట్లో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకుని కలకత్తా చేరిన పాతికేళ్ళ కుర్రవాడు, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం రాశాడు. డేటాలో దాగిన సంఖ్యను ఎంత కచ్చితంగా పట్టుకోవచ్చు, ఎంత గింజుకున్నా ఏ హద్దు దాటలేము అన్నది అందులో తేల్చాడు. క్రామెర్-రావు అసమానత అని ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకునేది అదే. గచ్చిబౌలి వైపు ఆయన పేరుతో రోడ్డుంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఒక సంస్థ ఉంది. ఆయన 2023లో, నూటరెండేళ్ళు నిండాక, అమెరికాలో కన్నుమూశారు. సరిగ్గా ఆ 1945లోనే అమెరికన్ సయనమిడ్ అనే రసాయనాల కంపెనీలో పనిచేసే ఫ్రాంక్ విల్కాక్సన్ అనే కెమిస్టు నాలుగు పేజీల వ్యాసం రాశాడు. ఈగలను చంపే రెండు మందుల్లో ఏది మెరుగన్నది అందులో ఒక ఉదాహరణ. అంకెలన్నీ తీసేసి ర్యాంకులు వేసి, ర్యాంకులు కూడితే చాలన్నాడు. ఒకాయన డేటా నుంచి చివరి చుక్క దాకా ఎంత పిండొచ్చో చూశాడు. ఇంకొకాయన ఎంత పారబోసినా పని ఎలా నడుస్తుందో చూశాడు. ఇద్దరి దారీ నాకిష్టమే గానీ, వయసు పెరిగేకొద్దీ రెండో ఆయన మీద మమకారం పెరుగుతోంది.

పారబోసినదాని ఖరీదెంతో తర్వాతివాళ్ళు లెక్కగట్టారు. డేటా అచ్చంగా గంట ఆకారంలో, పుస్తకంలో బొమ్మలాగా ఉన్నా సరే, సగటులను పోల్చే టి-టెస్టుకు 95 మంది కావలసిన చోట ర్యాంకులతో 100 మంది ఉంటే సరిపోతుంది. డేటా ఏ ఆకారంలో ఉన్నా, విల్కాక్సన్ పద్ధతి సామర్థ్యం టి-టెస్టుతో పోలిస్తే 86.4 శాతానికి దిగదని హోడ్జెస్, లేమన్ 1956లో నిరూపించారు. పైకి ఎంత పోతుందో హద్దే లేదు. వంకర డేటాలో ర్యాంకులే గెలుస్తాయి. రైల్వే ఆయనకు ఈ మాట ఎన్నోసార్లు చెప్పాను. "మరి మందం?" అంటారు.

మరి సాఫ్ట్‌వేర్లకు గొడవెక్కడ? ఆ అమ్మాయి బిస్కెట్ల దగ్గరికి వెళ్ళేముందు, నేను క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పిన ఉదాహరణ ముందు పెట్టాను. ఉద్యోగం చేసే రోజుల్లో ఇంటి నుంచి కాలేజీకి స్కూటర్ మీద రెండు దారులుండేవి. లోపలి గల్లీల్లోంచి ఒకటి, తార్నాక చౌరస్తా మీదుగా ఒకటి. పదిరోజులు వాచీ చూసుకుని రాసుకున్నాను. గల్లీల దారి: 17, 18, 19, 22, 26 నిమిషాలు. చౌరస్తా దారి: 21, 24, 27, 29, 41. ఆ 41 బోనాల ఊరేగింపు రోజుది. పోతురాజు ముందు స్కూటర్ హారన్ కొట్టేంత ధైర్యం నాకు లేదు.

పదింటినీ వరసగా నిలబెడితే గల్లీలకు 1, 2, 3, 5, 7 ర్యాంకులు. మొత్తం 18. చౌరస్తాకు 4, 6, 8, 9, 10. మొత్తం 37. ఊరేగింపు 41 నిమిషాలు తిన్నా, మూడు గంటలు తిన్నా దానిది పదో ర్యాంకే. సగటు తీస్తే అమ్మవారి ఊరేగింపు చౌరస్తా దారి పరువంతా తీసేది. ర్యాంకులో అది ఒక్క మెట్టు.

ఇక ప్రశ్న ఏమిటంటే, రెండు దారులకూ నిజంగా తేడా లేకపోతే, కేవలం కాకతాళీయంగా ఇంత తేడా కనబడే అవకాశమెంత? పి-విలువ చెప్పేది ఇదే. పది ర్యాంకుల్లో ఐదింటిని ఎంచుకోవడానికి 252 రకాలున్నాయి. వాటిలో మొత్తం 18 లేదా అంతకంటే తక్కువ వచ్చేవి 7. రెండోవైపు ఇంకో 7. పద్నాలుగుని 252తో భాగిస్తే 0.056. ఇది వేళ్ళ మీద లెక్క. ఇందులో ఏ ఊహా లేదు, ఏ గంట ఆకారమూ లేదు. చిన్న శాంపిలుంటే, సమానమైన అంకెలు లేకపోతే, ఆర్ ఈ లెక్కే చేస్తుంది.

కంప్యూటర్లు లేని రోజుల్లో శాంపిలు పెద్దదైతే ఈ వేళ్ళ లెక్క అయ్యేపని కాదు. అందుకని ర్యాంకుల మొత్తం గంట ఆకారపు గీతను పోలి ఉంటుందనుకుని ఉజ్జాయింపు వేశారు. అలా వేస్తే 0.047. ఎస్‌పీఎస్‌ఎస్ పట్టికలో ముందు కంటికి కనబడేది ఇదే. కింది వరసలో 0.056 కూడా ఉంటుంది గానీ కిందికి దిగేదెవరు? అయితే ర్యాంకుల మొత్తాలు జామై ఉస్మానియా స్టేషన్ మెట్లలాంటివి, ఒక్కో అంకె చొప్పున ఎక్కుతాయి. గంట గీత నున్నటి ర్యాంపు. మెట్టును ర్యాంపుతో కొలిచేటప్పుడు అర మెట్టు సర్దుబాటు చేయాలి. దాన్ని కంటిన్యుటీ కరెక్షన్ అంటారు. అది చేస్తే 0.060. శాస్ అనే సాఫ్ట్‌వేర్ చేసే ఉజ్జాయింపు అదే. ఉజ్జాయింపు వేయమంటే ఆర్ కూడా అదే చేస్తుంది. పైథాన్‌లో సైపై అనే లైబ్రరీ ఉంది. 2021లో మార్చేదాకా దానికి ప్రత్యేకంగా చెప్పకపోతే ఒక వైపు తోక మాత్రమే లెక్కగట్టి సగం విలువ ఇచ్చేది, అంటే 0.030. కాబట్టి నా స్కూటర్ పది రోజులకు నాలుగు జవాబులు. 0.030, 0.047, 0.056, 0.060. రెండు గీతకు అవతల, రెండు ఇవతల.

పేర్ల గొడవ ఇంకొకటి. ఎస్‌పీఎస్‌ఎస్ డబ్ల్యూ అని అచ్చువేసేది 18. ఆర్ డబ్ల్యూ అనేది 3, అంటే 18 లోంచి కనీసం రాక తప్పని 15 తీసేయగా మిగిలింది. దారులను తారుమారు చేసి ఇస్తే అదే ఆర్ 22 అంటుంది. ఒకే అక్షరం కింద మూడు అంకెలు. మాన్, విట్నీ అనే ఇద్దరు 1947లో ఈ రెండు దారుల పరీక్షనే ఇంకో మార్గంలో పట్టుకుని యూ అని పేరు పెట్టారు. ఆర్ డబ్ల్యూ అనేది నిజానికి ఆ యూ. ఒకే మనిషిని ఇంట్లో చిన్నబ్బాయి అనీ, ఆఫీసులో సూపర్నెంటు గారనీ, ఊళ్ళో ఫలానావారి అల్లుడనీ పిలిచినట్టు. ఇది గొడవ కాదు, పరిచయం లేకపోవడం. ఒకసారి చెబితే పిల్లలకు అర్థమవుతుంది.

అసలు గొడవ సమానుల దగ్గర.

గల్లీ దారిలో ఆ 22 నిమిషాల రోజు నేను 21కే చేరి ఉంటే? చౌరస్తా దారిలోనూ ఒక 21 ఉంది. నాలుగో ర్యాంకు ఎవరిది, ఐదో ర్యాంకు ఎవరిది? ఈ ప్రశ్నకు మన ఎంసెట్ వాళ్ళ దగ్గర సమాధానం రెడీగా ఉండేది. మొత్తం మార్కులు సమానమైతే లెక్కల్లో ఎవరికి ఎక్కువ, అదీ సమానమైతే ఫిజిక్స్‌లో ఎవరికి ఎక్కువ. ఆఖరుకి ఏదీ తేలకపోతే వయసులో పెద్దవాడికి ముందు ర్యాంకు. సీటు ఒకటే ఉన్నప్పుడు ఇద్దరు సమానులుండకూడదు కాబట్టి అసమానతను ఎక్కడో అక్కడ వెతికి తేవాలి. ఎక్కడా దొరక్కపోతే పుట్టిన తేదీలోంచి తేవాలి. మా తార్నాకలో పక్కపక్కన ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం, జాతీయ పోషకాహార సంస్థ రెండూ 1918లోనే మొదలయ్యాయి. రెండోది కూనూరులో మెక్‌కారిసన్ ఒంటి గది ప్రయోగశాలగా పుట్టి, 1958లో ఇక్కడికి వచ్చింది. ఎంసెట్ రూలు పెడితే వీటికీ నెలలూ తారీఖులూ తీయాల్సిందే. విల్కాక్సన్ లోకంలో అది అక్కర్లేదు. నాలుగు, ఐదు స్థానాలకు ఇద్దరు పోటీపడితే ఇద్దరికీ నాలుగున్నర.

నాలుగున్నరో ర్యాంకు! మా అబ్బాయి చిన్నప్పుడు ఈ సంగతి విని, తనకూ క్లాసులో నాలుగున్నరో ర్యాంకే వచ్చిందని ఇంటికొచ్చి చెప్పాడు. వాళ్ళ నాన్న ప్రోగ్రెస్ కార్డు తిప్పి తిప్పి చూశారు. తొమ్మిదో ర్యాంకు. "ఇద్దరం చెరి సగం పంచుకున్నం నాన్నా" అన్నాడు వాడు.

ఈ ఉదారత్వానికి ఒక మూల్యముంది. నాలుగున్నరలు రాగానే ఆ 252 రకాల చక్కటి పట్టిక చెదిరిపోతుంది. చాలా ఏళ్ళుగా ఆర్ ఇక్కడికి రాగానే ఎర్రక్షరాల్లో చేతులెత్తేసేది. సమానులున్నారు, కచ్చితమైన పి-విలువ చెప్పలేను అని దాని హెచ్చరిక. చెప్పలేననడం దాని వినయం, కానీ అక్కడితో ఆగేది కాదు, చప్పుడు లేకుండా ఉజ్జాయింపులోకి దిగేది. నా డేటాలో 22ని 21 చేస్తే ఆర్ 0.056 నుంచి 0.047కి జారేది. అంటే గీత దాటేది. ఆ జారుడులో కొంత నా ఒక్క నిమిషం వల్ల, కొంత అది మధ్యలో లెక్క పద్ధతినే మార్చేయడం వల్ల. నాలుగున్నరలు పెట్టుకుని మళ్ళీ 252నీ ఓపిగ్గా లెక్కబెడితే అసలు జవాబు 0.040. నేను లెక్కబెట్టాను. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, ఫ్రిజ్‌లో పాలు విరుగుతాయేమోనని భయపడుతూ.

సమానులను గుర్తుపట్టడంలో కూడా యంత్రానికి తడబాటుంది. 0.3 లోంచి 0.2 తీస్తే 0.1 అని మూడో తరగతి పిల్లకు తెలుసు. కంప్యూటర్ రెండే అంకెల్లో లెక్క పెడుతుంది కాబట్టి దానికి అది 0.1 కంటే రవ్వంత తక్కువ. 0.2 లోంచి 0.1 తీస్తే మాత్రం సరిగ్గా 0.1. హిమోగ్లోబిన్‌లాగా ఒక దశాంశంతో కొలిచే డేటాలో, ఒకే మేర మారిన ఇద్దరు మనుషులను ఈ రవ్వంత తేడా విడదీసి వేరువేరు ర్యాంకుల్లో నిలబెట్టగలదు. తీసివేతలు చేశాక ఒకసారి రౌండ్ చేయమని పిల్లలకు చెబుతూ ఉంటాను. వినరు.

ఇక బిస్కెట్లు.

ఇక్కడ ప్రతి ఒక్కరూ రెండూ తిన్నారు కాబట్టి, ర్యాంకులు వేసేది మార్కులకు కాదు, ఒక్కొక్కరి మార్కుల్లో తేడా ఎంత పెద్దదన్నదానికి. 16 మందిలో ఆరుగురికి తేడా సున్నా. విల్కాక్సన్ వాళ్ళను తీసి పక్కన పెట్టాడు. ఏ వైపూ మొగ్గనివాళ్ళ దగ్గర మనం నేర్చుకునేదేముంది అన్నది ఆయన ఆలోచన. మిగిలిన పదిమందిలో ఒక్క మార్కు తేడా వాళ్ళు తొమ్మిది మంది, 1 నుంచి 9 దాకా స్థానాలు పంచుకుంటే ఒక్కొక్కరికి 5వ ర్యాంకు. రెండు మార్కుల తేడా ఉన్న ఆ ఒక్కడికి 10. ఎస్‌పీఎస్‌ఎస్, ఆర్ ఇద్దరూ ఇంతవరకు ఒకే మాట. ఆ తర్వాత ఆర్ అర మెట్టు సర్దుకుంది, ఎస్‌పీఎస్‌ఎస్ సర్దుకోలేదు. అందుకే 0.059, 0.052.

1959లో ప్రాట్ అనే ఆయన అభ్యంతరం చెప్పాడు. సున్నాలను ముందే గెంటేయొద్దన్నాడు. వాళ్ళనూ వరసలో నిలబెట్టి ర్యాంకులు వేసి, ఆ తర్వాతే, కూడేటప్పుడు వదిలేయాలి. అలా చేస్తే ఆరుగురూ మొదటి ఆరు స్థానాల్లో నిలుస్తారు. ఒక్క మార్కు వాళ్ళకు ఒక్కొక్కరికి 11వ ర్యాంకు. ఆ ఒక్కడికి 16. స్టాటా నడిచేది ఈ దారిలో. అందుకే 0.024.

ఆ అమ్మాయి వరండా మెట్ల మీద కూర్చుని రెండు పట్టికలూ పక్కపక్కన రాసింది. రాసి చాలాసేపు చూసింది. "ఇది ఉల్టా లేదా మేడం? తేడా లేదన్నోళ్ళను లెక్కలకు తీస్కుంటే, తేడా ఉందని ఇంకా గట్టిగ చెప్తుందేంది?"

మంచి ప్రశ్న. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న అడిగిన పిల్లలు ఒక చేతి వేళ్ళకు సరిపోతారు. నేను కూడా చాలాకాలం దీనికి సూత్రంలోంచే సమాధానం చెబుతూ వచ్చాను. ఆరోజు వేళ్ళ లెక్క చేద్దామన్నాను. పదిమందికి ప్లస్ గానీ మైనస్ గానీ రావచ్చు, మొత్తం 1024 రకాలు. వాటిలో జొన్నకు ఎదురు ఇంతే లేదా ఇంతకంటే తక్కువ ఉన్నవి ఎన్ని? విల్కాక్సన్ లెక్కలో ఆ ఒక్కడి బరువు 10. ఎవరూ కాదనకపోవడం ఒకటి. 5 బరువున్న ఒకడు కాదనడం తొమ్మిది రకాలు. ఆ 10వాడు ఒక్కడే కాదనడం ఒకటి. 5 బరువున్నవాళ్ళు ఇద్దరు కాదన్నా 10కి దాటదు కాబట్టి అవి 36 రకాలు. మొత్తం 47. రెండు వైపులా 94. పి-విలువ 0.092. ప్రాట్ లెక్కలో 11 బరువున్నవాళ్ళు ఇద్దరు కలిస్తే 22, ఆ ఒక్కడి 16ని దాటిపోతారు. ఆ 36 రకాలూ ఎగిరిపోయాయి. మిగిలినవి 11. రెండు వైపులా 22. పి-విలువ 0.021. ఉజ్జాయింపులు చూపించిన దానికంటే అసలు దూరం ఇంకా పెద్దది.

కాబట్టి సాఫ్ట్‌వేర్ల మధ్య తగాదా ఏమిటంటే, గట్టిగా కాదన్న ఒక్కడికి, మెల్లగా కాదనే ఇద్దరు సమానమా, ఎక్కువా? సున్నాలను గెంటేస్తే గదిలో పదిమందే ఉంటారు. వాళ్ళలో గట్టిగా అరిచినవాడు మిగతావాళ్ళకు రెండింతలు వినిపిస్తాడు. ఆ ఆరుగురినీ గదిలో కూర్చోబెడితే, వాళ్ళు నోరు విప్పకపోయినా అరిచినవాడి గొంతు 11కి 16 పాళ్ళకు తగ్గుతుంది. అపార్టుమెంటు సంఘాల మీటింగులకు వెళ్ళినవాళ్ళకు దీన్ని నేను వివరించక్కర్లేదు. నలుగురే వచ్చిన రోజు మూడో అంతస్తు ఆయన చెప్పిందే తీర్మానం. అదే ముప్పైమంది వచ్చి ఊరికే కూర్చున్నా సరే, ఆయన గొంతు కొంత తగ్గుతుంది.

ఇది సంఖ్యాశాస్త్రం తేల్చే విషయం కాదు. మనుషుల్ని ఎలా లెక్కపెట్టాలనేది ఒక అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఏదో ప్రోగ్రామర్ ఎప్పుడో ఒక డిఫాల్ట్‌గా పెట్టేసి ఉంచాడు. మనం బటన్ నొక్కి, ఆయన అభిప్రాయాన్ని మన ఫలితంగా రాసుకుంటున్నాం. నాకు దీని మీద కోపం లేదు. డిఫాల్ట్ లేకుండా ఏ పనీ జరగదు. వంటలో ఉప్పు వేసేది కూడా అలవాటు చెయ్యే. కానీ ఏ చెయ్యి వేసిందో చెప్పకుండా వడ్డించడం మీద మాత్రం కోపముంది. 2000 సంవత్సరంలో బెర్గ్‌మన్, లుడ్‌బ్రూక్, స్పూరెన్ అనే ముగ్గురు ఒకే డేటాను 11 సాఫ్ట్‌వేర్లకు ఇచ్చి, ఈ విల్కాక్సన్-మాన్-విట్నీ పరీక్షకే వేరువేరు జవాబులు రావడం చూపించారు. అమెరికన్ స్టాటిస్టీషియన్ పత్రికలో వచ్చింది. ఆ తర్వాత పాతికేళ్ళు గడిచాయి. ఇప్పటికీ నా దగ్గరికొచ్చే థీసిస్‌లలో 'ఎస్‌పీఎస్‌ఎస్ వాడబడినది' అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. 'కుక్కర్ వాడబడినది' అని వంట పుస్తకంలో రాసినట్టు.

"అయితే 0.024 రాస్కోవచ్చా మేడం? ప్రాట్ పేరు కూడా రాస్త."

రాసుకోవచ్చు, జవాబు చూడకముందు ఆ దారి ఎంచుకుని ఉంటే. మూడూ చూసి, నచ్చినదాని పక్కన పేరు తగిలించడం వేరు. ఎంసెట్‌లో టై అయ్యాక, మా వాడు గెలిచేదాకా కొత్త రూలు వెతకడంలాంటిది. ఇది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం గట్టిపడిందేమో, ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. తనేమీ మోసం చేయాలనుకోలేదు. తన గైడు 'సిగ్నిఫికెంటా, కాదా' అని ఒక్క మాటలో అడుగుతారు, తను ఒక్క మాటలో చెప్పాలి. వెనక ఏడాది కష్టముంది. ఓవెన్లో మాడిపోయిన ట్రేలున్నాయి.

చివరికి ఏం చేసిందంటే, పట్టికలో రెండు జవాబులూ పెట్టింది. సున్నాలను వదిలేస్తే ఇంత, వరసలో ఉంచితే ఇంత. రెండూ ఉజ్జాయింపులు కావు, 1024 రకాల వేళ్ళ లెక్కలు. కింద ఒక వాక్యం: 16 మందిలో ఆరుగురు తేడా లేదన్నారు, వాళ్ళను ఎలా చూస్తామన్నదాని మీదే ఫలితం ఆధారపడి ఉంది. సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ నంబరు, సున్నాలకూ సమానులకూ ఏ పద్ధతి పెట్టిందో కూడా రాసింది. ఇంకో వరసలో, నేను అడగకుండానే, ఆ రెండు మార్కులు తక్కువ వేసిన ఒక్కడు ఏమన్నాడో రాసింది. జొన్న పొట్టు పంటికి తగిలిందట. ఆ వాక్యం మీద నేను టిక్కు పెట్టాను. పట్టిక మొత్తంలో పనికొచ్చే సమాచారం అదే. ర్యాంకు వేస్తే పోయేది కూడా అదే.

రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి హెల్మెట్ తీసి లోపలికొచ్చింది. స్టీలు డబ్బాలో రెండు రకాల బిస్కెట్లు, మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టి. పిండి ఇంకా సన్నగా జల్లించిందట. నేను రెండూ తిన్నాను, కానీ మార్కులు చెప్పలేదు. డేటా చూసినవాళ్ళు ప్యానెల్లో ఉండకూడదు. మా ఆయన వర్క్‌షాప్ మనిషి, డేటా చూడలేదు. ఆయనకు ఏది ఏదో చెప్పకుండా ఒక ప్లేటులో పెట్టి ఇచ్చింది.

"అంకుల్, ఒక్కోదానికి తొమ్మిదికి ఎన్నేస్తరు?"

ఆయన మొదటిది తిన్నారు. రెండోది తిన్నారు. కళ్ళజోడు సర్దుకుని, ఏదో గేజ్ రీడింగ్ చూస్తున్నవాడిలా కాసేపు ఆలోచించారు.

"ఏడు," అన్నారు. "రెండింటికీ ఏడే రాయి బిడ్డా. తేడా ఏం తెలుస్తలేదు."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను ఆ ఆరుగురిని తల్చుకున్నాను. మా ఆయన అప్పటికే డబ్బాలోంచి ఇంకో బిస్కెట్ తీసుకున్నారు. అట్టముక్కకు ఏ వైపుదో చూసుకోలేదు.